ప్రజలు వద్దన్న చట్టం ప్రజల మధ్య ఎలా నిలిచింది?

పాఠకుల ప్రశ్నలు – మా సమాధానాలు

గత సంచికలో తైవాన్ స్వలింగ వివాహ చట్టం గురించి మేము ప్రచురించిన వ్యాసానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఆసియాలో స్వలింగ జంటల వివాహానికి మొట్టమొదట చట్టబద్ధత కల్పించినది తైవాన్ అనీ, ఆ చట్టం 2019 మే 24న అమలులోకి వచ్చిందనీ ఆ వ్యాసంలో చెప్పాము. ఉత్తరాలలో కొన్ని సంతోషంతో రాసినవి, కొన్ని కోపంతో రాసినవి, ఒకటి రెండు ఎవరికీ చెప్పుకోలేని బెంగతో రాసినవి. ఆ చట్టాన్ని అక్కడి జనం ఎలా స్వీకరించారన్న విషయానికి సంబంధించిన ప్రశ్నలను ఈసారి తీసుకున్నాము. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న (విశ్రాంత ఉపాధ్యాయులు, తెనాలి): 2018లో జరిగిన ఓటింగులో 72 శాతానికి పైగా ప్రజలు పెళ్లి అనేది స్త్రీపురుషుల మధ్యనే ఉండాలని చెప్పారని మీరే రాశారు. ఆరు నెలలు తిరగకుండానే ప్రభుత్వం దానికి విరుద్ధంగా చట్టం చేసింది. ప్రజలు వద్దన్న పని చేయడం ప్రజాస్వామ్యం ఎలా అవుతుంది?

సమాధానం: మాస్టారూ, మీ ప్రశ్న న్యాయమైనది. ఆ రోజుల్లో తైవాన్ వీధుల్లోనూ ఇదే ప్రశ్న గట్టిగా వినిపించింది. దీనికి జవాబు ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నదానిలో ఉంది.

2017 మే 24న తైవాన్ రాజ్యాంగ న్యాయస్థానం 748వ వ్యాఖ్యానంగా పేరుపడిన తీర్పును ఇచ్చింది. ఒకే లింగానికి చెందిన ఇద్దరు వ్యక్తులు జీవితాంతం కలిసి ఉండేందుకు శాశ్వత బంధం ఏర్పరచుకునే వీలు పౌర స్మృతి (వివాహం, ఆస్తి వంటి విషయాల సాధారణ చట్టం, సివిల్ కోడ్)లోని వివాహ అధ్యాయంలో లేకపోవడం రాజ్యాంగం 22వ అధికరణం కాపాడే వివాహ స్వేచ్ఛకూ, 7వ అధికరణం హామీ ఇచ్చే సమానత్వానికీ విరుద్ధమని న్యాయమూర్తులు తేల్చారు. లోపాన్ని సరిదిద్దడానికి చట్టసభకు రెండేళ్ల గడువు ఇచ్చి, ఏ రూపంలో సరిదిద్దాలన్నది సభకే వదిలిపెట్టారు. గడువులోగా సభ ఏమీ చేయకపోతే జంటలు నేరుగా కార్యాలయానికి వెళ్లి, అప్పటికి ఉన్న చట్టం కిందనే వివాహాన్ని నమోదు చేయించుకోవచ్చునని కూడా చెప్పారు. మీరు ప్రస్తావించిన ఓటింగు జరిగింది దీనికి ఏడాదిన్నర తర్వాత, 2018 నవంబర్ 24న. అంటే హక్కు ఉందా లేదా అన్నది అప్పటికే తేలిపోయింది. ప్రజాభిప్రాయ సేకరణతో రాజ్యాంగ వ్యాఖ్యానాన్ని రద్దు చేయడం కుదరదని న్యాయవ్యవస్థ ఓటింగు ముగిసిన కొద్ది రోజులకే స్పష్టం చేసింది.

అయితే ప్రజలు చెప్పిన మాటను ప్రభుత్వం పక్కన పడేసిందనడం కూడా సరికాదు. ఆ రోజు ఓటర్ల ముందు ఈ విషయం మీద ఒక్క ప్రశ్న కాదు, చాలా ప్రశ్నలు ఉన్నాయి. పౌర స్మృతిలో వివాహమంటే స్త్రీపురుషుల మధ్యనే అని ఉండాలా అన్నదానికి 72.48 శాతం మంది అవునన్నారు. స్వలింగ జంటల శాశ్వత సహజీవన హక్కును పౌర స్మృతి వివాహ అధ్యాయం ద్వారా కాకుండా మరో రూపంలో కాపాడాలా అన్నదానికి 61.12 శాతం మంది అవునన్నారు. రెండింటినీ కలిపి చదివితే, “మా పౌర స్మృతిని ముట్టుకోకండి, వాళ్లకు వేరే చట్టం చేయండి” అని జనం అన్నట్టు అర్థమవుతుంది. ప్రభుత్వం చేసింది కూడా అదే. పౌర స్మృతిలోని వివాహ అధ్యాయంలో ఒక్క అక్షరం మార్చకుండా ప్రత్యేక చట్టం తెచ్చింది. ఆ చట్టం పేరులో వివాహమన్న మాట గానీ సహజీవనమన్న మాట గానీ లేదు. 748వ వ్యాఖ్యానాన్ని అమలు చేసే చట్టం అని మాత్రమే ఉంది. లోపల నాలుగో సెక్షనులో మాత్రం జంటలు వివాహ నమోదు కోసం దరఖాస్తు చేసుకోవచ్చునని రాశారు, ఎందుకంటే న్యాయస్థానం చెప్పినది వివాహ స్వేచ్ఛ గురించి. 2019 మే 17న బిల్లు 66–27 ఓట్లతో నెగ్గింది. బయట వర్షంలో తడుస్తూ వేలాది మంది ఎదురుచూశారు.

ఇరుపక్షాలకూ పూర్తి తృప్తి కలగలేదు. ఓటును వంచించారని వ్యతిరేకులు అన్నారు. సమానత్వం ఇవ్వవలసిన చోట వేరే చట్టం అనే గోడ కట్టారని హక్కుల కార్యకర్తలు బాధపడ్డారు, అందులో నిజం ఉంది. అయినా నా అభిప్రాయం దాచుకోను. కొద్దిమంది జీవితాలకు సంబంధించిన మౌలిక హక్కును ఎక్కువమంది ఓటుతో తేల్చడం తప్పు. ఆ వాతావరణంలో బడికి వెళ్లే వయసు పిల్లలు పోస్టర్లలో తమ గురించి ఏం రాశారో చదవవలసి వచ్చింది. ఓటింగు తర్వాత సహాయ కేంద్రాలకు ఫోను చేసి ఏడ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. వద్దని ఓటు వేసిన 76 లక్షల మందికి పైగా ప్రజలలో చాలామందికి ఎవరి మీదా ద్వేషం లేదు, నిజమే. కానీ ఆ ఫలితం తగిలిన పిల్లలకు ఆ తేడా తెలియదు.

ప్రశ్న (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డబ్లిన్): 2015లో ఐర్లండ్ ప్రజలు స్వలింగ వివాహానికి ఓటు వేసినప్పుడు ఇక్కడి వీధుల్లో జరిగిన సంబరాలను కళ్లారా చూశాను. కాథలిక్ దేశంగా పేరున్న చోట గెలిచిన ఓటు తైవాన్‌లో ఎందుకు ఓడిపోయింది? ఆసియా సమాజాలు దీనికి సిద్ధంగా లేవని అనుకోవాలా?

సమాధానం: ఆసియా, యూరప్ అన్న తేడాతో దీనిని వివరించలేము. 1993 వరకూ ఐర్లండ్‌లో పురుషుల మధ్య స్వలింగ సంబంధం నేరంగానే ఉండేది. విడాకులను అనుమతించాలా అన్న 1995 ఓటింగులో అవునన్నవారు 50.28 శాతమే. అటువంటి దేశంలో 2015 మే 22న 62.07 శాతం మంది స్వలింగ వివాహానికి అనుకూలంగా ఓటు వేశారు, 43 నియోజకవర్గాలలో రాస్‌కామన్–సౌత్ లీట్రిమ్ ఒక్కటే కాదన్నది. ఆ మధ్య కాలంలో ఏం జరిగిందో చూడాలి.

2010లో అక్కడ, వివాహం అనకపోయినా స్వలింగ జంటల బంధాన్ని గుర్తించే పౌర భాగస్వామ్య చట్టం వచ్చింది. దానితో అయిదేళ్ల పాటు ఇరుగుపొరుగు ఇళ్లలో, చర్చికి వెళ్లే దారిలో, ఊరి పబ్బులో చట్టబద్ధమైన జంటలను జనం చూశారు. 2013లో చీటీ పద్ధతిలో ఎంపికైన సాధారణ పౌరులూ రాజకీయ నాయకులూ కలిసి కూర్చున్న రాజ్యాంగ సదస్సు ఈ అంశాన్ని చర్చించి, 79 శాతం మద్దతుతో రాజ్యాంగ సవరణను సిఫారసు చేసింది. 2015 జనవరిలో అప్పటి ఆరోగ్య మంత్రి లియో వరద్కర్ రేడియోలో తాను గే అని చెప్పారు. ఆయన తండ్రి ముంబై నుంచి వెళ్లిన వైద్యుడన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. మాజీ అధ్యక్షురాలు మేరీ మెకలీస్ భక్తురాలైన కాథలిక్ అయి ఉండి కూడా, తన కుమారుడి గురించి చెబుతూ సవరణకు మద్దతు అడిగారు. విదేశాలలో ఉన్న ఐరిష్ యువత విమానాల్లో, ఓడల్లో ఇంటికి వచ్చి ఓటు వేశారు. ప్రచారం చేసినవారు వాదనలకు దిగడం కన్నా ఇంటి తలుపు తట్టి తమ కథ చెప్పడానికే ఎక్కువ సమయం కేటాయించారు. ఫలితం వచ్చిన తర్వాత డబ్లిన్ ఆర్చిబిషప్ డయర్మిడ్ మార్టిన్ చర్చి వాస్తవాన్ని గుర్తించవలసిన సమయం వచ్చిందన్నారు. వాటికన్ రాజ్య కార్యదర్శి (సెక్రటరీ ఆఫ్ స్టేట్) కార్డినల్ పరోలిన్ మాత్రం దానిని మానవాళికే ఓటమిగా వర్ణించారు. ఒకే మతంలో, ఒకే వారంలో వచ్చిన స్పందనలివి.

తైవాన్‌లో ఇందుకు దాదాపు వ్యతిరేకంగా జరిగింది. అక్కడ ముందు న్యాయస్థానం చెప్పింది, తర్వాత ఓటు వచ్చింది, జనం చట్టబద్ధమైన జంటలను చూడటం అన్నిటికన్నా చివర జరిగింది. జాతీయ స్థాయిలో పౌర భాగస్వామ్య చట్టమేదీ అంతకుముందు లేదు. 2015 నుంచి కావ్‌షియుంగ్ వంటి కొన్ని నగరాలు రికార్డులలో జంటగా నమోదు చేయించుకునే వీలు మాత్రం కల్పించాయి. ఓటింగులో ప్రధాన ప్రశ్నలను రాసింది స్వలింగ వివాహాన్ని వ్యతిరేకించేవారు. 2017 చివరలో ప్రజాభిప్రాయ సేకరణ చట్టాన్ని సవరించి ఒక ప్రశ్నను ఓటుకు పెట్టడానికి కావలసిన సంతకాల సంఖ్యను బాగా తగ్గించడంతో ఒకే రోజు పది ప్రశ్నలు ఓటుకు వచ్చాయి. అణు విద్యుత్తు, ఒలింపిక్స్‌లో జట్టు పేరు, జపాన్‌లోని ఫుకుషిమా అణు ప్రమాద ప్రాంతాల ఆహారం దిగుమతి వంటివన్నీ స్థానిక ఎన్నికలతో కలిసి వచ్చినందువల్ల జనం గంటల తరబడి వరుసలో నిలబడ్డారు. కొన్ని చోట్ల ఓటింగు ముగియకముందే లెక్కింపు మొదలైంది. పాలక పార్టీ ఎన్నికల భయంతో ఈ అంశం మీద నోరు విప్పలేదు. ఆ మౌనాన్ని నేను సమర్థించలేను. భయపడుతున్న ఓటరుతో ఎవరో ఒకరు ఓపికగా మాట్లాడవలసిన సమయంలో, మాట్లాడగలిగినవారు తప్పుకున్నారు.

ఆసియా సమాజాలు సిద్ధంగా లేవన్న మాటకు తైవాన్ ఆ తర్వాత ఇచ్చిన జవాబును కూడా చూడండి. అక్కడి ప్రభుత్వం లింగ సమానత్వంపై చేయించే సర్వేలో స్వలింగ వివాహానికి మద్దతు 2018లో 37.4 శాతం. చట్టం వచ్చిన రెండేళ్లకు, 2021లో, అది 60.4 శాతానికి చేరింది. 2024 నాటి సర్వేలో 69.1 శాతం. మనుషులు అంత తక్కువ కాలంలో వేరే మనుషులైపోరు. ఏ కుటుంబం కూలుతుందోనని భయపడ్డారో ఆ కుటుంబం కూలకపోవడం, పక్కింటి జంట తమలాగే అద్దె కట్టుకుంటూ, గొడవపడుతూ, కూరగాయలు కొనుక్కుంటూ బతకడం వాళ్లు చూశారు. ఐర్లండ్ ప్రజలు చూసి ఓటు వేశారు, తైవాన్ ప్రజలు ఓటు వేసిన తర్వాత చూశారు. 2025 జనవరి 23న థాయ్‌లాండ్‌లో కూడా ఇటువంటి చట్టం అమలులోకి వచ్చింది. అక్కడ ప్రతినిధుల సభలో 400 మంది అనుకూలంగా, పదిమంది మాత్రమే వ్యతిరేకంగా ఓటు వేశారు.

ప్రశ్న (డిగ్రీ విద్యార్థి, హనుమకొండ): ఇదంతా పాశ్చాత్య దేశాల నుంచి దిగుమతి అయిన ఆలోచన అని మా తరగతిలో ఒక మిత్రుడు వాదిస్తున్నాడు. అతనికి ఏమని చెప్పాలి?

సమాధానం: చీ చియా-వే గురించి చెప్పండి. తైవాన్‌లో ఇంకా సైనిక శాసనం అమలులో ఉన్న 1986లో ఆయన విలేకరుల ముందు తాను గే అని బహిరంగంగా ప్రకటించారు. అదే ఏడాది తన భాగస్వామితో వివాహం నమోదు చేయమని అడిగితే అధికారులు కాదన్నారు. చట్టసభకు అర్జీ పెట్టుకుంటే, ఇటువంటివారు వికృత వాంఛలున్న కొద్దిమంది మాత్రమేనన్న అర్థం వచ్చే జవాబు ఇచ్చి పంపించారు. ఎయిడ్స్ అంటే జనం ఆమడ దూరం పారిపోయే రోజుల్లో ఆయన రోగుల కోసం పనిచేశారు, జైలులోనూ కొంతకాలం ఉన్నారు. 2013లో తైపే నగరంలోని వాన్‌హువా రిజిస్ట్రేషన్ కార్యాలయానికి మళ్లీ వెళ్లారు, మళ్లీ తిరస్కరించారు. ఆ తిరస్కరణ మీద ఆయన నడిపిన పోరాటమే 2017 తీర్పుగా ముగిసింది. ఆయన మూడు దశాబ్దాల పాటు అన్ని కార్యాలయాల తలుపులూ తట్టిన సంగతిని న్యాయస్థానం తీర్పులోనే నమోదు చేసింది. ఇరవై ఎనిమిదేళ్ల యువకుడిగా మొదలుపెట్టిన మనిషి దాదాపు అరవై ఏళ్ల వయసులో జవాబు విన్నారు. దీనిని దిగుమతి అనడానికి నాకు మనసొప్పదు.

మతం విషయం కూడా మీ మిత్రుడు అనుకున్నంత సూటిగా లేదు. న్యూ తైపేలో కుందేలు దేవుడికి ఒక గుడి ఉంది. పురుషులను ప్రేమించే పురుషులకు అండగా ఉంటాడని చైనాలోని ఫూజియాన్ ప్రాంతపు జానపద విశ్వాసం చెప్పే దేవత ఇతడు. ఆ గుడిని 2006లో కట్టారు, మంచి తోడు దొరకాలని అక్కడ మొక్కుకుంటారు. 2012లో బౌద్ధ సన్యాసిని షి చావ్-హ్వే ఇద్దరు యువతుల వివాహాన్ని బౌద్ధ విధి ప్రకారం స్వయంగా జరిపించారు; అప్పటికి చట్టం ఇంకా ఏడేళ్ల దూరంలో ఉంది. వ్యతిరేక ఉద్యమాన్ని నడపడంలో ముందున్నవి జనాభాలో చిన్న భాగమైన క్రైస్తవులలోని కొన్ని సంఘాలు. అయితే ఓటు వేసినవారిలో అత్యధికులు క్రైస్తవులు కారు కాబట్టి దీనిని ఏ ఒక్క మతానికో అంటగట్టకూడదు. వంశం ఎలా నిలుస్తుంది, పెద్దల సమాధులకు పూజ ఎవరు చేస్తారు అన్న ప్రశ్నలు వాళ్లను ఎక్కువగా కలవరపెట్టాయి. మన ఇళ్లలో కొడుకు తద్దినం పెట్టడం గురించి ఎంత బెంగ ఉంటుందో తెలిసినవారికి ఆ భయం అర్థమవుతుంది.

ప్రశ్న (న్యాయవాది, కర్నూలు): కలిసి ఉండటాన్ని ఎవరూ ఆపడం లేదు కదా. పెళ్లి అన్న ముద్ర కోసం ఇంత పట్టుదల ఎందుకు?

సమాధానం: 2016 అక్టోబర్‌లో తైపేలో జాక్ పికూ అనే ఫ్రెంచి ఆచార్యుడు తన ఇంటి భవనం పైనుంచి పడి చనిపోయారు. ఆయన నేషనల్ తైవాన్ విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పారు. దశాబ్దాల పాటు ఆయనతో కలిసి జీవించిన త్సెంగ్ చింగ్-చావ్ అంతకుముందు ఏడాదే క్యాన్సర్‌తో మరణించారు. ఆఖరి రోజుల్లో వైద్య నిర్ణయాలలో గానీ, ఆ తర్వాత ఇద్దరూ కలిసి కూర్చుకున్న ఆస్తి విషయంలో గానీ పికూకు చట్టప్రకారం ఏ స్థానమూ లేకపోయిందని ఆయన మిత్రులు చెప్పారు. ఈ మరణం తైవాన్ సమాజాన్ని కుదిపివేసింది. అప్పటిదాకా విషయాన్ని సిద్ధాంతంగా వింటున్న మధ్యతరగతి జనం ఆసుపత్రి మంచం దగ్గర ఎవరు నిలబడవచ్చు అన్న ప్రశ్నగా దానిని చూశారు. ఆ శీతాకాలంలో చట్టసభ ముందు రెండు పక్షాల వారూ పెద్ద ఎత్తున గుమిగూడారు. డిసెంబర్ 10న అధ్యక్ష భవనం ఎదుటి కెటగలాన్ రాజమార్గం మీద జరిగిన మద్దతు సభకు రెండున్నర లక్షల మంది వచ్చారని నిర్వాహకులు చెప్పారు.

వారసత్వం, పన్ను, బీమా, ఆపరేషనుకు సంతకం పెట్టే హక్కు, విడిపోతే న్యాయంగా విడిపోయే దారి కూడా ఆ ముద్రతోనే వస్తాయని న్యాయవాదిగా మీకు నేను చెప్పనక్కరలేదు. చట్టం అమలైన మొదటి రోజే 526 జంటలు నమోదు చేయించుకున్నాయి.

ప్రశ్న (గృహిణి, గుంటూరు జిల్లా): మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. తనకు ఆడపిల్లల మీద ఆసక్తి లేదనీ, మగవాళ్లనే ఇష్టపడతాననీ చెప్పాడు. నేను వాడిని వదులుకోలేను, చుట్టాలకు చెప్పనూ లేను. సంబంధాలు చూడమని ఆడపడుచులు ఒత్తిడి చేస్తున్నారు. తైవాన్‌లో ఇలాంటి పిల్లల తల్లులు నలుగురిలో ఎలా తలెత్తుకోగలిగారు?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలాసేపు వేరే పని చేయలేకపోయాను. మీ అబ్బాయి మీకు చెప్పగలిగాడంటే మీరు ఎటువంటి తల్లో తెలుస్తూనే ఉంది.

తైవాన్ దక్షిణాన పింగ్‌టుంగ్ ప్రాంతంలోని ఒక బడిలో యె యుంగ్-చీ అనే బాలుడు చదివేవాడు. నడకలో, మాటలో ఆడపిల్లలా ఉన్నాడని తోటి పిల్లలు అతన్ని ఏడిపించేవారు, మరుగుదొడ్డిలో పట్టుకుని బట్టలు విప్పించేవారు. ఆ భయంతో అతను క్లాసు జరుగుతున్నప్పుడు మాత్రమే ఒంటరిగా వెళ్లేవాడు. 2000 ఏప్రిల్‌లో ఒకరోజు అలా వెళ్లి, మరుగుదొడ్డిలో రక్తపు మడుగులో పడి కనిపించాడు, తర్వాత చనిపోయాడు. ఆ సంఘటన దేశాన్ని కలచివేసింది. అన్ని బడులలో లింగ సమానత్వ విద్యను తప్పనిసరి చేసే చట్టం 2004లో రావడానికి అది ఒక ముఖ్య కారణమైంది. ఆ బాలుడి తల్లి పొలం పని చేసుకునే పల్లెటూరి మనిషి. ఆమె బిడ్డ కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. తర్వాత, 2010లో కావ్‌షియుంగ్ నగరంలో స్వలింగ, ట్రాన్స్ వ్యక్తులు జరిపే ప్రైడ్ ఊరేగింపుకు వెళ్లి, తన కొడుకు ఈడు పిల్లలకు ధైర్యం చెప్పారు. ఆమె కొడుకు ఎవరిని ఇష్టపడేవాడో ఎవరికీ తెలియదు. తెలుసుకునే వయసు దాకా అతను బతకలేదు.

ఆమె లాంటి తల్లుల వల్లనే అక్కడ నలుగురి మాట క్రమంగా మారింది. తైపేలో 1998 నుంచి పనిచేస్తున్న ఒక హాట్‌లైన్ సంస్థ ఫోను చేసిన పిల్లలతో పాటు వాళ్ల తల్లిదండ్రులతో కూడా మాట్లాడుతుంది; ఒక తల్లి బాధను మరో తల్లి వినే ఏర్పాటు చేస్తుంది. ఇటువంటి తల్లిదండ్రుల బృందాలు మన దేశంలోనూ పెద్ద నగరాలలో ఉన్నాయి, మీ అబ్బాయిని అడిగితే తప్పక దారి చూపిస్తాడు. 2020 అక్టోబర్‌లో తైవాన్ సైన్యం జరిపిన సామూహిక వివాహాలలో రెండు స్వలింగ జంటలు పాల్గొన్నాయి. సైన్యం వంటి సంప్రదాయ సంస్థ ప్రాంగణంలో, పెద్దల సమక్షంలో అది జరగడం చూసి, అయిదేళ్ల ముందు దీనిని ఊహించగలమా అని అక్కడివారే అనుకున్నారు.

మీ ఆడపడుచుల విషయం సూటిగా చెబుతాను. వాళ్ల నోరు మూయించడానికి మీ అబ్బాయికి ఒక అమ్మాయినిచ్చి పెళ్లి చేయకండి. ఏ పాపమూ తెలియని ఆ అమ్మాయి బతుకు, మీ అబ్బాయి బతుకు రెండూ పాడవుతాయి. ఎవరైనా డాక్టరు మందులతోనో కౌన్సెలింగుతోనో ఇది “నయం చేస్తాను” అంటే నమ్మకండి. అటువంటి చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా జాతీయ వైద్య కమిషన్ 2022లోనే ప్రకటించింది. చుట్టాలకు ఎప్పుడు చెప్పాలన్నది మీ అబ్బాయి నిర్ణయం. అప్పటిదాకా “వాడికి ఇష్టమైనప్పుడు చూద్దాం” అన్న మాట చాలు, అది అబద్ధం కూడా కాదు.

ప్రశ్న (వ్యాపారి, విజయనగరం): ఇటువంటి పెళ్లిళ్ల వల్ల జననాలు తగ్గిపోతాయని తైవాన్‌లో కొందరు అన్నారట. నిజమేనా?

సమాధానం: అన్నారు, నిజమే. కానీ తైవాన్‌లో ఒక్కో స్త్రీకి సగటు కాన్పుల రేటు 2010లోనే 0.9కి పడిపోయింది. అప్పటికి ఈ చట్టం ఇంకా తొమ్మిదేళ్ల దూరంలో ఉంది. ఇళ్ల ధరలు, ఎక్కువ పని గంటలు, ఆలస్యంగా జరుగుతున్న పెళ్లిళ్లు దానికి కారణాలుగా అక్కడివారే చెబుతారు. పిల్లలను పెంచుకోవాలనుకున్న స్వలింగ జంటలకు ఉమ్మడిగా దత్తత తీసుకునే హక్కు కూడా మొదట్లో లేదు, భాగస్వామి కన్న బిడ్డను మాత్రమే దత్తత తీసుకోనిచ్చారు. ఆ ఆంక్షను 2023 మేలో తొలగించారు.

ప్రశ్న (బ్యాంకు ఉద్యోగిని, హైదరాబాద్): మన సుప్రీంకోర్టు ఇటువంటి తీర్పు ఎందుకు ఇవ్వలేదు? ప్రస్తుతం మన దేశంలో ఇలాంటి జంటలకు చట్టప్రకారం ఏమైనా ఉందా?

సమాధానం: ఈ కేసుకు మీ నగరంతోనే సంబంధం ఉంది. సుప్రియో వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియాగా ప్రసిద్ధమైన ఈ కేసులో మొదటి పిటిషనర్లు హైదరాబాద్‌లో ఉంటున్న జంట. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం తమకూ వర్తించాలని వారు 2022లో సుప్రీంకోర్టును కోరారు. 2023 అక్టోబర్ 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, వివాహం చేసుకోవడం రాజ్యాంగపరమైన మౌలిక హక్కు కాదనీ, ఆ చట్టాన్ని మార్చవలసింది పార్లమెంటేననీ ఏకగ్రీవంగా చెప్పింది. వివాహం కాకపోయినా ఆ జంటల బంధాన్ని ప్రభుత్వం గుర్తించాలా, ఉమ్మడి దత్తతకు వీలు కల్పించాలా అన్న విషయాలలో మాత్రం ధర్మాసనం 3–2గా చీలిపోయింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ అనుకూలంగా రాశారు. జస్టిస్ రవీంద్ర భట్, అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ హిమా కోహ్లి, మన తెలుగువారైన జస్టిస్ పి.ఎస్. నరసింహ కాదన్నారు. 2025 జనవరిలో పునఃసమీక్ష పిటిషన్లను కూడా కోర్టు తిరస్కరించింది.

తైవాన్ న్యాయస్థానం కూడా చట్టం రాసే పని చట్టసభకే వదిలింది. కానీ సభ ఏమీ చేయకపోతే రెండేళ్ల తర్వాత ఏం జరుగుతుందో కూడా తీర్పులోనే రాసింది. మన తీర్పులో అటువంటి గడువు లేదు. నాకు కనిపించే పెద్ద తేడా అదే, నన్ను బాధపెట్టేదీ అదే. ఈ అంశం తేలడానికి ఎన్నాళ్లు పడుతుందో తెలియక జీవితాలు నడుపుకుంటున్నవారు మన చుట్టూ ఉన్నారు.

ఇక ఇప్పుడు ఉన్నవాటి సంగతి. తీర్పు తర్వాత 2024 ఏప్రిల్‌లో కేంద్రం క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేసింది. బ్యాంకు ఉద్యోగినిగా మీకు నేరుగా పనికివచ్చేది 2024 ఆగస్టు 28న ఆర్థిక మంత్రిత్వ శాఖ ఇచ్చిన వివరణ: స్వలింగ భాగస్వాములు ఉమ్మడి ఖాతా తెరవడానికి గానీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి గానీ ఏ అడ్డంకీ లేదని అందులో స్పష్టంగా ఉంది. రేషన్ కార్డు విషయంలో అటువంటి భాగస్వాములను ఒకే కుటుంబంగా చూడాలని కూడా రాష్ట్రాలకు సూచించారు. మీ శాఖకు ఎవరైనా అలా వస్తే వెనక్కి పంపకుండా చూడండి, తోటి ఉద్యోగులకు కూడా తెలియజేయండి. అయితే నామినీ అంటే డబ్బు అందుకునే వ్యక్తి మాత్రమే. వారసత్వ చట్టం కింద రక్తసంబంధీకులు దానిని కోరవచ్చు. అందువల్ల ఇటువంటి జంటలు వీలునామా కూడా రాసుకుని, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుని, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరు చేయించుకోవడం మంచిది.